జేబులో తాళం, గట్టు మీద పలక: ఏడీహెచ్‌డీ ఉన్న యజమాని చేయవలసినవి, చేయకూడనివి

నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలో ఇందుకూరుపేట దాటాక మా రొయ్యల గుంటలు. తొమ్మిది గుంటలు, పద్నాలుగు మంది మనుషులు, ఒక జనరేటర్ షెడ్డు. మూడేళ్ల కిందట ఒక రాత్రి ఒంటిగంటకు, నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లను ఎలా నిలిపితే నీళ్లు బాగా తిరుగుతాయో ఫోన్లో ఒక వీడియో చూశాను. చూసిందే తడవు లేచి గట్టు మీదికి పోయి, నాలుగో గుంటలో రెండు ఏరేటర్లు జరపమని ఒక కుర్రాడికి చెప్పాను. అతను స్విచ్చి ఆపించి నీళ్లలోకి దిగాడు. ఈలోగా నా ధ్యాస ఏడో గుంట మేత మీదికి పోయింది. షెడ్డు ముందు నుంచి పోతూ, "నాలుగులో ఏరేటర్లు ఎందుకు ఆగాయి? వెయ్" అన్నాను. షెడ్డులో ఉన్నతను వేశాడు. కుర్రాడు గట్టు వైపుకు ఎగిరి పడ్డాడు గనక బతికాడు. నీళ్ల వైపుకు పడి ఉంటే ఈ రాత నేను రాయలేను.

మర్నాడు మా కాపలా పెద్దాయనను అడిగాను, నాలుగులో మనిషి ఉన్నాడని నాకు ఒక్కరూ ఎందుకు చెప్పలేదని. ఆయన మా నాన్న కాలం నుంచీ మా దగ్గరున్న మనిషి. "నువ్వు ఒక మాట చెప్పి, అది మరిచిపోయి ఇంకో మాట చెబుతావని మాకందరికీ తెలుసబ్బయా. అడిగితే అరుస్తావని కూడా తెలుసు" అన్నాడు.

ఆ తర్వాతే డాక్టరు దగ్గరికి పోయాను. ముప్పై తొమ్మిదేళ్ల వయసులో నాకు ఏడీహెచ్‌డీ ఉందని తేలింది. ధ్యాస ఒకచోట నిలవకపోవడం, తొందరపాటు, కాలం ఎంత గడిచిందో పట్టు దొరకకపోవడం, చేతిలో ఉన్న పనిని మెదడు ఉన్నట్టుండి జారవిడవడం. ఇవి బద్ధకమూ కాదు, పొగరూ కాదు. అయితే కరెంటుకూ నీళ్లకూ ఆ తేడా తెలియదు. కంపెనీ కల్చర్ అనేది అద్దాల ఆఫీసుల మాట అనుకునేవాణ్ణి. మా గట్టు మీద దానికి ఉన్న అర్థం ఇంతే: యజమాని పొరపాటు చెప్పినప్పుడు "అన్నా, ఆగు" అనడానికి ఆ గట్టు మీద అందరికన్నా చిన్నవాడికి నోరు రావాలి. కింద రాసినవన్నీ ఆ నోరు రావడానికి మేము చేసినవి, మానుకున్నవి. మీది హ్యాచరీ కావచ్చు, ఐస్ ఫ్యాక్టరీ కావచ్చు, కృష్ణపట్నం పోర్టుకు తిరిగే లారీలు కావచ్చు, మీ పనికి తగ్గట్టు మార్చుకోండి.

చేయవలసింది: ముందు మీ మనుషులకు చెప్పండి

జబ్బు పేరు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. నేను చెప్పాను, సగం మందికి ఆ పేరు నోరు తిరగలేదు. వాళ్లకు పనికొచ్చింది పేరు కాదు, నా తీరు. "నేను ఇద్దరికి రెండు మాటలు చెబుతాను. చెప్పింది మరిచిపోతాను. పది నిమిషాలన్నానంటే గంట అనుకోండి. గుర్తు చేస్తే నాకు కోపం రాదు, వచ్చినా అది మీ తప్పు కాదు." ఇంతే చెప్పాను. మొదటి నెల ఎవరూ నమ్మలేదు. అది సహజమే. చెప్పిన మాటను వాళ్లు పరీక్షించి చూసుకుంటారు, ఆ పరీక్షలో మీరు ఒక్కసారి అరిచినా మళ్లీ మొదటికి వస్తుంది.

అమెరికాలో జెట్‌బ్లూ విమానాల కంపెనీ పెట్టిన డేవిడ్ నీల్‌మన్ తనకు ఏడీహెచ్‌డీ ఉందని బాహాటంగానే చెప్పుకున్నాడు. 2007 ఫిబ్రవరిలో మంచు తుపానుకు ఆ కంపెనీ విమానాల్లో జనం గంటల తరబడి ఇరుక్కుపోయినప్పుడు అందరి ముందూ క్షమాపణ అడిగి, ప్రయాణికులకు ఏమేమి చేస్తామో హక్కుల పత్రంగా రాయించాడు. అదే ఏడాది మే నెలలో సీఈవో కుర్చీ కూడా వదులుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత బ్రెజిల్లో అజుల్, అమెరికాలోనే బ్రీజ్ అనే విమానాల కంపెనీలు పెట్టాడు. నాకు ఆయన కథలో నచ్చింది ఆ పత్రం. నోటి మాటగా ఉన్న పూచీని కాగితం మీద పెట్టాడు.

చేయవలసింది: పలక మీద లేని మాట మాట కాదు

జనరేటర్ షెడ్డు గోడకు నాలుగడుగుల నల్ల పలక కొట్టించాను. గుంట నంబరు, నడిచే ఏరేటర్లు ఎన్ని, మేత ఎంత, రాత్రి డ్యూటీ ఎవరిది, తెల్లవారుజాము మూడు గంటలకు ఆక్సిజన్ ఎంత. చివరి గడి ఎర్ర రంగుది: నీళ్లలో ఎవరున్నారు.

మూడు గంటల కొలత ఎందుకంటే, పగలు నీళ్లలోని నాచు ఎండకు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రయితే అదే పీల్చుకుంటుంది. పొద్దు పొడిచే ముందు ఆక్సిజన్ అట్టడుగుకు పోతుంది. లీటరుకు నాలుగు మిల్లీగ్రాముల కిందికి దిగుతోందంటే కదలాలి. ఆ వేళకు నిద్ర లేవడం, లేచినా మీటరు పట్టుకోవడం, పట్టుకున్నా రాయడం, ఈ మూడింట్లో ఏదో ఒకటి నా చేతిలో తప్పుతుంది. అందుకే అది నా పని కాదు. డ్యూటీలో ఉన్నతను కొలుస్తాడు, రాస్తాడు, సంతకం చేస్తాడు. నేను ఉదయం చూసి కింద నా సంతకం పెడతాను.

పలక మీద ఉన్నది మార్చాలంటే నేను చాక్‌పీస్ పట్టుకుని రాయాలి, డ్యూటీ మనిషి దాన్ని పైకి చదవాలి. చదివేటప్పుడే నాకు నా పొరపాటు వినపడుతుంది. రాయకుండా నేను కేకేసి చెప్పినదాన్ని చేయనక్కర్లేదని అందరికీ చెప్పాను. వానకు పలక చెరిగిపోతుంది గనక రోజూ సాయంత్రం దాన్ని ఫోటో తీసి పెట్టుకుంటాం.

చేయవలసింది: నీళ్లలోకి దిగేవాడి జేబులోనే తాళం

ఇది పెద్ద ఫ్యాక్టరీల్లో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతే, మా గట్ల మీదికి రాలేదు. ప్రతి గుంట స్విచ్చి పెట్టెకూ ఒక తాళం, ఒకే తాళం చెవి. ఏరేటర్ ముట్టుకునేవాడు స్విచ్చి ఆపి, పెట్టెకు తాళం వేసి, చెవి తన జేబులో వేసుకుని దిగుతాడు. బయటికి వచ్చాక తానే తీస్తాడు. రెండో చెవి లేదు, నా దగ్గర కూడా లేదు. ఒకసారి రెండో గుంటలో ఆక్సిజన్ తగ్గుతోందని నేను కంగారుపడి చెవి ఇవ్వమన్నాను. ఆనాడు షాక్ తిన్న ఆ కుర్రాడే గట్టున నిలబడి ఉన్నాడు. "లోపల మనిషున్నాడన్నా, వచ్చాక" అన్నాడు. లోపలి మనిషి బయటికి రావడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఆ సాయంత్రం అందరి ముందూ అతనికి దండం పెట్టాను.

దీంతోపాటు, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఈఎల్‌సీబీ, సరైన ఎర్తింగు ఉండాలి. ఈఎల్‌సీబీ మీద ఉండే టెస్ట్ బటన్‌ను నెలకోసారి నొక్కి చూడాలి. అతుకులు వేసిన కేబుల్ నీళ్లలో ఉండకూడదు. ఈ సామాను కొనడంలో వాయిదా వేయకండి. మా లాంటి వాళ్లకు "రేపు" అన్న పని ఉన్నట్టు కాదు.

చేయకూడనిది: అర్ధరాత్రి వాయిస్ మెసేజ్‌లు

కొత్త ఆలోచన వచ్చినప్పుడు నాకు ఒళ్లంతా వెలుగు వచ్చినట్టుంటుంది. అప్పుడే, ఆ క్షణమే చెప్పెయ్యాలనిపిస్తుంది. ఒకప్పుడు ఒక్క రాత్రిలో పదకొండు వాయిస్ మెసేజ్‌లు పంపిన రోజులున్నాయి, వాటిలో తొమ్మిదోది మూడోదాన్ని కొట్టేసేది. పొద్దున్నే పనివాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు. ఇప్పుడు ఆలోచనలకు ఒక పుస్తకం ఉంది. సోమవారం పొద్దున టీ దగ్గర అది తెరుస్తాం. సోమవారానికి సగం ఆలోచనలు నాకే నచ్చవు. కరెంటు పోవడం, ఆక్సిజన్ పడిపోవడం లాంటివి ఈ లెక్కలోకి రావు. అప్పుడు ఏం చేయాలో పలక పక్కనే రాసి ఉంటుంది, నా మెసేజ్ కోసం ఎవరూ ఎదురు చూడనక్కర్లేదు.

చేయకూడనిది: డబ్బు నిర్ణయం ఒంటరిగా, వేడి మీద

2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఈ తీరమంతా అల్లాడింది. ఆ రోజు ఒక్క గంటలో నేను రెండు గుంటలు ముందే పట్టేద్దామన్నాను, నలుగురిని మానిపిద్దామన్నాను, మిగతా గుంటల్లో రొయ్య పిల్ల ఎక్కువ వేద్దామన్నాను. లెక్కలు చూసే మా వదిన, "రేపు పొద్దున ఇదే మాట చెప్పు మరిదీ, సంతకం పెడతా" అంది. పొద్దునకు మూడూ పోయాయి. వెనామీ రొయ్య పిల్ల చదరపు మీటరుకు 60కి మించి వేయకూడదని కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ నిబంధన ఉంది. ఆవేశంలో నాకు అది గుర్తే రాలేదు. లక్ష దాటిన ఖర్చుకు, మనిషిని తీసేయడానికి, పిల్ల లెక్క మార్చడానికి వదిన సంతకం తప్పనిసరి. మీకు "వద్దు" అనగల మనిషిని ఒకరిని పెట్టుకోండి, పెట్టుకున్నాక వాళ్ల మాట దాటకండి.

జీతాల విషయంలో అసలు గుర్తుపెట్టుకోవడం మీదే ఆధారపడకండి. నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోపు ఇవ్వాలని చట్టం. నేను బ్యాంకులో దానంతటది పోయేట్టు పెట్టాను. మరిచిపోయాను అన్న మాట జీతం దగ్గర చెల్లదు. అవతల ఒక ఇంట్లో బియ్యం ఆగిపోతాయి.

చేయకూడనిది: మందుల కొట్టు మీ చేతిలో ఉంచుకోవడం

బ్లీచింగ్ పౌడర్‌లో యాసిడ్ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. పట్టుబడి రోజు రొయ్య నల్లబడకుండా వాడే మెటాబైసల్ఫైట్ నుంచి వచ్చే గాలి ఆస్తమా ఉన్నవాళ్ల ఊపిరి పట్టేస్తుంది. మూత వేసిన సంపుల్లోకి ఒంటరిగా దిగితే విషవాయువుకు మనిషి కూలిపోతాడు, అతన్ని తీయబోయి దిగినవాడూ అంతే. తొందర మనిషి చేయి పెట్టకూడని చోట్లివి. మందుల గది తాళం మా సూపర్‌వైజర్ దగ్గర ఉంటుంది. నేను లోపలికి పోను.

అరుపు గురించి

ఇది నాకు అన్నిటికన్నా కష్టమైంది. ఏడీహెచ్‌డీ ఉన్న చాలామందికి కోపం పొంగినంత త్వరగా చల్లారుతుంది. మనకు అది చల్లారిపోయిన విషయం. తిట్లు తిన్న మనిషికి ఆ రోజంతా చేతులు వణుకుతాయి, వణికే చేతులతో స్విచ్చి బోర్డు దగ్గరికి పోతాడు. అంతకన్నా పెద్ద నష్టం, మళ్లీ ప్రమాదం కనబడినా అతను నోరు విప్పడు. కోపం వస్తోందని తెలిసినప్పుడు గట్టు చివరి దాకా నడవండి. అరిచేస్తే మాత్రం, నలుగురి ముందు అరిచింది నలుగురి ముందే ఒప్పుకోండి. చాటుకు పిలిచి భుజం తట్టి పంపకండి. నాకు ఏడీహెచ్‌డీ ఉందిలే అని సర్దిచెప్పకండి. అది కారణం కావచ్చు, దెబ్బ తిన్నవాడికి మందు కాదు.

ఇంకో సంగతి. పని మీద మోజు పుట్టినప్పుడు మనం ఇరవై గంటలు తిండి లేకుండా నిలబడగలం. పట్టుబడి రాత్రుల్లో నేను అలాగే నిలబడతాను. మిగతావాళ్లు కూడా అలాగే నిలబడాలని అనుకోకండి. రెండు జట్లు పెట్టండి. తెల్లారాక మీరు కూడా హైవే మీద బండి తోలకండి, వేరే మనిషికి ఇవ్వండి. గట్ల మీదే కాపురం ఉండే కుటుంబాల పిల్లల కోసం గుడిసెల చుట్టూ కంచె వేయించండి. మా దగ్గర అది "చేద్దాం" జాబితాలో ఏడాదిన్నర పడి ఉండింది. తలచుకుంటే ఇప్పటికీ నాకు గుండె జారుతుంది.

డాక్టరు, మందులు, తీర్పులు

పెద్దవాళ్లలో కూడా ఏడీహెచ్‌డీని నిర్ధారించవచ్చు. లక్షణాలు పన్నెండేళ్ల లోపే మొదలయ్యాయా, ఇంట్లోనూ పనిలోనూ రెండు చోట్లా ఇబ్బంది పెడుతున్నాయా అని చూస్తారు. నిద్రలేమి, థైరాయిడ్, దిగులు కూడా ఇలాగే కనబడవచ్చు గనక రీళ్లు చూసి మీకు మీరే ముద్ర వేసుకోకండి. నెల్లూరు పెద్దాసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది. ఎవరితోనైనా ముందు మాట్లాడాలనుకుంటే టెలీ మానస్ 14416కు తెలుగులోనే ఫోన్ చేయవచ్చు. మిథైల్‌ఫెనిడేట్ లాంటి మందులు డాక్టరు చీటీ మీదే తీసుకోవాలి, బీపీ చూపించుకుంటూ ఉండాలి. పట్టుబడి రాత్రి మెలకువ కోసం ఒక బిళ్ల ఇమ్మని స్నేహితుడు అడిగినా ఇవ్వకండి.

పనివాళ్లకు మీరు రోగనిర్ధారణ చేయకండి. తమకు ఉందని ఎవరైనా తామే చెబితే మీకు కావలసినవే వాళ్లకూ ఇవ్వండి: రాసిన మాట, ఒకసారికి ఒక పని, గుర్తు చేసే అలారం. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను లెక్కించింది, అందులో ఏడీహెచ్‌డీకి విడిగా పేరు లేదు. పేరు లేదని మీరు చేయగలిగింది మానకండి.

ఇది చాలావరకు వంశంలో వస్తుందని డాక్టరు చెప్పినప్పుడు నాకు మా నాన్న గుర్తొచ్చాడు. 1994-95లో తెల్లమచ్చ తెగులు ఈ తీరంలో టైగర్ రొయ్యను ఊడ్చేసినప్పుడు ఆయన పూటకొక నిర్ణయం మార్చాడని, మనుషులు ఆయన ముందు నోరెత్తడానికి భయపడేవాళ్లని మా కాపలా పెద్దాయన చెబుతాడు. పోయినవాళ్లకు జబ్బు పేరు పెట్టే హక్కు నాకు లేదు. ఆ భయం మాత్రం ఆయన కాలం నుంచే మా గట్టు మీద ఉంది.

చేయకూడనిది: వానల్లో ప్రయోగాలు

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ తీరానికి తుపానుల కాలం. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చి కోవూరు పక్కన పడుగుపాడు దగ్గర హైవే తెగింది, రైలు కట్ట కొట్టుకుపోయింది. అలాంటి రోజుల్లో డీజిలు రాదు, ఎలక్ట్రీషియన్ రాడు, అంబులెన్సు రాదు. ఉన్న పద్ధతిని కళ్లు మూసుకుని చేయగలిగినంత అలవాటు అప్పటికే మనుషులకు ఉండాలి. అందుకని అక్టోబరు ఒకటో తేదీన నా ఆలోచనల పుస్తకం వదిన బీరువాలోకి పోతుంది. అందులో ఎంత గొప్ప ఆలోచన రాసి ఉన్నా సంక్రాంతి పోయాకే తీస్తాం.