రెక్క కింద వంగి చూస్తే

కొల్లేటి లంకల్లో పెద్దవాళ్ల దగ్గర విమానం మాట ఎత్తితే చాలామందికి ముందు గుర్తొచ్చేది 2002 మార్చి 3. ఆ రోజు ఉదయం భీమవరం నుంచి హైదరాబాద్ బయలుదేరిన హెలికాప్టర్ కైకలూరు దగ్గర చేపల చెరువులో కూలిపోయింది. అప్పటి లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి అందులో చనిపోయారు. 2004 ఏప్రిల్ 17న బెంగళూరు జక్కూరులో లేచిన చిన్న సెస్నా కూలి నటి సౌందర్య పోయారు. 2009 సెప్టెంబరు 2న నల్లమలలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి. ఇక 2025 జూన్ 12న అహ్మదాబాద్ ప్రమాదం టీవీల్లో చూడనివాళ్లు లేరు. కాబట్టి ఎవరైనా "నాకు విమానమంటే భయమండీ" అంటే నవ్వడం తప్పు. మనవాళ్ల భయానికి పేర్లున్నాయి, తేదీలున్నాయి.

అయితే ఆ మాట అంత సూటిగా ఎవరూ అనరు. "గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో పడుకుంటే తెల్లారేసరికి హైదరాబాద్, గన్నవరం పోయి ఆ తనిఖీలన్నీ ఎందుకు" అంటారు. "మోకాళ్ల నొప్పులు, ఆ సీట్లలో కూర్చోలేను" అంటారు. హైదరాబాద్ వరకైతే ఇవి చెల్లుతాయి, నిజంగానే రైలు సుఖం కూడా. చిక్కంతా డాలస్‌లో ఉన్న కూతురికి నెలలు నిండినప్పుడు వస్తుంది. వీసా స్టాంపు పడుతుంది, ఆవకాయ ప్యాకింగ్ అయిపోతుంది, అప్పుడు అమ్మగారికి ఉన్నట్టుండి బీపీ పెరుగుతుంది. ఏలూరు, తాడేపల్లిగూడెం, భీమవరం చుట్టుపక్కల ఇలాంటి ఇళ్లు ఎన్నో. ఆ బీపీ నాటకమని నేననను. మిషన్ మీద అంకె నిజంగానే పెరుగుతుంది. దాని కారణం మాత్రం ఉప్పులో లేదు.

ఇలాంటివాళ్లకు మనం చేసే మొదటి సాయం లెక్కలు చెప్పడం. విమానం కన్నా రోడ్డు ప్రమాదకరమని, హనుమాన్ జంక్షన్ దాటేటప్పుడు భయపడాలి కానీ పైకెగిరాక కాదని. మాట నిజమే. అమెరికాలో 2001 సెప్టెంబరు దాడుల తర్వాత జనం విమానాలు మానేసి కార్లెక్కారు. ఆ తర్వాతి ఏడాది కాలంలో రోడ్ల మీద అదనంగా సుమారు 1500 మంది చనిపోయారని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త గెర్డ్ గిగెరెంజర్ లెక్కగట్టారు. భయం ప్రమాదం నుంచి తప్పించకపోగా అంతకన్నా పెద్దదానిలోకి తోసింది. ఇదంతా విని ఎదుటివాళ్లు తలాడిస్తారు, నిజమేనంటారు, రైలు టికెట్టే తీస్తారు. భయం లెక్కలు చదివి రాలేదు, లెక్కలు విని పోదు.

రెండో సాయం మాత్ర. "ఒకటి వేసుకుని నిద్రపో, లేచేసరికి దిగిపోతావు" అని ఎవరో ఒకరు చెబుతారు. 1997లో విల్‌హెల్మ్, రోత్ అనే ఇద్దరు పరిశోధకులు విమాన భయం ఉన్న 28 మంది మహిళలతో వారం తేడాలో రెండు ప్రయాణాలు చేయించారు. మొదటిసారి కొందరికి ఆల్ప్రాజోలం, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. మందు వేసుకున్నవాళ్లు మొదటి ప్రయాణంలో కాస్త హాయిగానే ఉన్నారు. రెండో ప్రయాణంలో, మందు లేకుండా, రెండో గుంపు కన్నా ఎక్కువ బెదిరిపోయారు. నిద్రలో దాటిన గండాన్ని మనసు తన ఖాతాలో వేసుకోదు కాబోలు. ఇప్పటికే డాక్టరు రాసిన మందు వాడుతున్నవాళ్లు ఇది చదివి మానేయకూడదు, ఆ సంగతి డాక్టరుతోనే మాట్లాడుకోవాలి.

టికెట్టు రద్దు చేసుకున్న క్షణాన గుండె తేలికపడుతుంది చూడండి, అసలు ప్రమాదం అక్కడుంది. ఆ తేలికదనం భయానికి మనం కట్టిన వడ్డీ. ఎన్నిసార్లు కట్టినా అసలు తీరదు. విమానం ఎక్కలేదు, బతికాను అని మనసు రాసుకుంటుంది, ఎక్కి ఉన్నా బతికేవాడినే అన్న సంగతి దానికి తెలిసే దారి ఉండదు. 1950లలో జోసెఫ్ వోల్పె భయాన్ని మెట్లుగా పేర్చి, కింది మెట్టు నుంచి ఒక్కోటి ఎక్కించే పద్ధతి పెట్టారు. తర్వాత వచ్చిన మిషెల్ క్రాస్క్ వంటివాళ్లు దానికి ఒక మెలిక కలిపారు: ఏం జరుగుతుందని భయపడుతున్నావో ముందే ఖాయంగా చెప్పుకో, తర్వాత జరిగినదాంతో పోల్చి చూసుకో.

మా మామయ్య గూడెంలో ఉల్లిపాయల వ్యాపారి. లారీలు, రైతులు, కూలీలు, దేనికీ జంకని మనిషి, విమానమంటే మాత్రం ఆమడ దూరం. ఆయన్ను బయటి రాష్ట్రంలో ఒక శిక్షణ సంస్థలో నాలుగు సీట్ల సెస్నా 172 ఎక్కించే ముందు, ఏమవుతుందనుకుంటున్నారో రాయమన్నాను. జేబులోని తక్‌పట్టీ, అంటే సరుకు అమ్మకపు చీటీ, వెనక రాశారు: గుండె ఆగిపోతుంది. తలుపు ఊడిపోతుంది. గట్టిగా అరుస్తాను. భయం నూటికి ఎంత మామయ్యా అంటే, "నూట పది" అన్నారు.

పైలట్ తెలుగమ్మాయే. ఎక్కేముందు ఆమె చేసిన పనుల్ని ఆయన కన్నార్పకుండా చూశారు. రెక్క కిందికి వంగి, అక్కడున్న చిన్న కవాటం నొక్కి, గాజులాంటి గొట్టంలోకి కొంచెం పెట్రోలు పట్టింది. లేత నీలం రంగులో ఉంది. వెలుతురుకెత్తి అడుగున నీటి బొట్టు ఉందేమో చూసింది. ట్యాంకులో కర్ర ముంచి మట్టం కొలిచింది. రెక్కల చివరి పలకల్ని చేత్తో ఆడించింది. మామయ్య నా వైపు తిరిగి, "మన లారీ డ్రైవర్లు ఇందులో పదో వంతు చేస్తే బాగుణ్ను" అన్నారు. ఆయన నోట ఆ రోజు వచ్చిన మొదటి మామూలు మాట అది.

రన్‌వే దగ్గర ఆగి ఇంజను వేగం పెంచి తాళం ఒక గడి తిప్పేసరికి చప్పుడు కొంచెం తగ్గింది. "ఆగిపోయిందా అమ్మా?" అని ఈయన సీటు పట్టుకున్నారు. "లేదంకుల్, ఇంజనులో ప్రతి సిలిండర్‌కూ రెండు ప్లగ్గులు, వాటికి వేరువేరుగా రెండు మాగ్నెటోలు. ఒక్కోదాన్ని ఆపి రెండోది పనిచేస్తుందో లేదో చూస్తున్నాను" అంది. "గాల్లో నిజంగా ఆగితే?" "మూడు వేల అడుగుల్లో ఉంటే ఎనిమిది కిలోమీటర్ల దాకా జారుకుంటూ పోవచ్చు. ఈలోపు దిగడానికి చదునైన చోటు చూసుకుంటాను." ఆయన మనసులో లెక్క వేసుకున్నారు. "అంటే గూడెం మీద ఆగితే పెంటపాడు దాకా పోతామన్నమాట."

చిన్న విమానం చేసే మేలు ఇదే. పెద్ద విమానంలో భయస్తుడి చేతిలో ఏమీ ఉండదు. తలుపు మూసేస్తారు, నడిపేవాళ్లు కనపడరు, చప్పుళ్లకు అర్థం చెప్పేవాళ్లుండరు. ఖాళీ దొరికినచోటల్లా ఊహ దూరుతుంది. ఇక్కడ పైలట్ భుజానికి మన భుజం తగులుతుంటుంది. అడిగితే జవాబొస్తుంది. గంటకు వంద కిలోమీటర్ల వేగం వచ్చేసరికి చక్రాలు నేల విడుస్తాయి, మన హైవే మీద కార్లు పోయే వేగమే. ఆ తర్వాత పెద్ద విమానంలో లేచిన కాసేపటికి ఇంజను హోరు తగ్గినా, అది పైలట్ కావాలని తగ్గించిన శక్తి అని చెవికి తెలిసిపోతుంది.

కుదుపుల సంగతికి వస్తే కొల్లేటివాళ్లకు వేరే పాఠం అక్కర్లేదు, ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్లి పొద్దెక్కాక తలెత్తి చూస్తే చాలు. నాలుగైదు కిలోల బరువుండే గూడబాతులు, రెక్క కొట్టకుండా, గిరికీలు తిరుగుతూ పైకి పైకి పోతుంటాయి. ఎండకు చెరువు గట్లు, రోడ్లు, ఎండిన పొలాలు త్వరగా కాగుతాయి, నీళ్లు నెమ్మదిగా కాగుతాయి. కాగిన నేల మీద గాలి పైకి లేస్తుంది. గూడబాతు దాన్ని పట్టుకుని ఎక్కుతుంది. మన విమానం దాన్ని అడ్డంగా దాటుతుంది కాబట్టి కుదుపు తగులుతుంది. గాలిలో గుంతలేమీ లేవు, కింద పడిపోవడానికి ఖాళీ చోటంటూ ఏదీ లేదు. సెస్నా రెక్కలు దాని బరువుకు మూడున్నర రెట్లు పైచిలుకు భారాన్ని ఓర్చుకునేలా కడతారు, మామూలు ఎండపూట కుదుపులు అందులో చిన్న భాగం. మామయ్య మొదటి కుదుపుకి గట్టిగానే అరిచారు. మూడోదానికి తిట్టారు. తర్వాత కిందున్న చెరువు ఎవరిదై ఉంటుందని అడిగారు. ఒళ్లు పుట్టించే కంగారు శిఖరం మీద ఎంతోసేపు ఉండలేదు, పారిపోకుండా కూర్చుంటే నిమిషాల్లోనే దిగడం మొదలవుతుంది. ఇది చదివితే వచ్చే జ్ఞానం కాదు, ఒకసారి ఒంటి మీద జరగాలి.

దిగాక తక్‌పట్టీ తీసి రెండు వాక్యాలు కొట్టేశారు. మూడోది ఉంచేశారు.

ఇక్కడ ఒక మాట దాచకూడదు. చిన్న విమానం పెద్దదానికంటే భద్రమని ఎవరైనా చెబితే నమ్మకండి. ప్రయాణికుల సర్వీసులతో పోలిస్తే సొంత విమానాలకు, చిన్న విమానాలకు ప్రమాదాలు ఎక్కువే. అందుకే డబ్బు తీసుకుని ఎక్కించుకునే అనుమతి ఉందా, నడిపేవాళ్ల అనుభవం ఎంత, అని మొహమాటం లేకుండా అడగాలి. "ఇవాళ వాతావరణం బాగాలేదు, రేపు రండి" అనగలిగే పైలట్ దొరికితే అదృష్టం. గుండె జబ్బున్నవాళ్లు, ఏ కారణం లేకుండానే హడలిపోయే జబ్బున్నవాళ్లు డాక్టరును అడగకుండా ఇలాంటి సాహసాలకు పోకూడదు. నూట పదిలో ఉన్న మనిషిని బలవంతంగా తోసి ఎక్కిస్తే మందు విషమవుతుంది. మామయ్య తనంతట తాను వస్తానన్నాకే తీసుకెళ్లాను, అప్పటికి నాలుగేళ్లు పట్టింది.

సెస్నా అందరికీ అందేది కాదు. మన జిల్లాల్లో అంతకన్నా చిన్న మెట్లున్నాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్‌వాళ్లు తాడేపల్లిగూడెంలో వేసిన రన్‌వే ఇప్పటికీ ఉంది. విమానాలు రావు, పొద్దున్నే నడకకు జనం వస్తారు. మీరూ వెళ్లి ఒక చివర నిలబడి మూడు వందల మీటర్లు అడుగులతో కొలవండి. సెస్నాకు నేల విడవడానికి ఇంచుమించు అంత పరుగే చాలు, బాగా ఎండ ఉంటే ఇంకొంచెం. మిగిలిన రన్‌వే ఎంతుందో తిరిగి చూడండి. తర్వాత ఏలూరు నుంచి గంటలోపు దూరంలో ఉన్న గన్నవరం వెళ్లి, టికెట్టు లేకుండానే, లేచే విమానాల్ని బయటి నుంచి చూస్తూ ఒక పూట గడపండి. 2024 నవంబరు 9న విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు వెళ్లిన ట్విన్ ఆటర్ సీప్లేన్ లాంటివి మామూలు జనానికి అందేదాకా ఆగనక్కర్లేదు. ప్రొపెల్లర్లతో తిరిగే డెబ్బై పైచిలుకు సీట్ల ఏటీఆర్ 72 ఉంది. దాని రెక్క పైన ఉంటుంది కాబట్టి కిటికీలోంచి నేలంతా కనపడుతుంది. ఎండ ముదరక ముందు గాలి నెమ్మదిగా ఉంటుంది, పొద్దున్నే బయలుదేరేది చూసుకోండి. రెక్క దగ్గరి సీటు అడగండి, కుదుపు తక్కువ. బెల్టు తీయకండి. భయంగా ఉందని ఎక్కగానే సిబ్బందితో చెప్పేయండి, వాళ్లకిది కొత్త కాదు. ముందే కాగితం మీద మీ జోస్యం రాసుకోండి. ఊపిరి పీల్చేది తక్కువ, వదిలేది ఎక్కువసేపు.

ఒక్కసారి ఎక్కితే భయం తీరిపోతుందని చెప్పను. నెలలు గడిస్తే మళ్లీ తలెత్తుతుంది, అందుకే రెండో ప్రయాణం మొదటిదానికి దగ్గరగా ఉండాలి. వెళ్లేది విమానంలో పెట్టుకుని తిరుగు ప్రయాణానికి గౌతమిలో బెర్తు తీసిపెట్టుకునేవాళ్లను చూశాను. ఆ బెర్తు రద్దు చేయించి అటూ ఇటూ రెండూ విమానంలోనే తీయండి, వీలైతే వారం తిరక్కుండా.