పాలు తాగే పిల్లకు పెళ్లి

పూర్వం కొన్ని బ్రాహ్మణ కుటుంబాల్లో పిల్లనిచ్చేవాళ్లు పెళ్లికొడుకు దగ్గర డబ్బు పుచ్చుకునేవారు. ఆ డబ్బే కన్యాశుల్కం. డబ్బిస్తే చాలు, ముసలివాడికైనా పసిపిల్లను కట్టబెట్టేవారు. అతను పోతే ఆ పిల్ల బతుకంతా విధవే.

విజయనగరం మహారాజు ఆనంద గజపతి ఈ పెళ్లిళ్ల లెక్క తీయించారు. అప్పటి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో 1,034 పెళ్లిళ్లు తేలాయి. 99 మంది పిల్లలకు అయిదేళ్లు. ముగ్గురికి ఒక్క ఏడే! పాలు తాగే పిల్లకు పెళ్లేమిటి? ఆ పసికందుల ధర 350 నుంచి 400 రూపాయలు.

ఈ ఘోరాన్ని జనానికి చూపించాలని గురజాడ అప్పారావు గారు అనుకున్నారు. పుస్తకం రాస్తే చదివేదెవరు? జనానికి చదివే అలవాటు వచ్చేదాకా నాటకమే దారి అని ఆయన తలచారు. జనం మాట్లాడుకునే మాటల్లోనే 'కన్యాశుల్కం' నాటకం రాశారు. 1892లో విజయనగరంలో దాన్ని మొదటిసారి ఆడారు. విజయనగరం అప్పుడు విశాఖ జిల్లాలోదే.

ఆ నాటకంలో ముసలి పెళ్లికొడుక్కి ఆడవేషం వేసిన కుర్రాణ్ణి కట్టబెడతారు! ఇక నవ్వు ఆగుతుందా?

1897లో నాటకం పుస్తకంగా అచ్చయింది. దాన్ని ఇప్పటికీ ఆడుతున్నారు. విశాఖ సిరిపురంలోని కళాక్షేత్రానికి గురజాడ పేరే పెట్టారు.