వేళ్ల వాటా

వాకిట్లోని వేపచెట్టును ఒకసారి గమనించండి. వేళ్లు నీటిని పంపుతాయి. ఆకులు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటాయి. ఆకులోని పత్రహరితం సూర్యకాంతిని గ్రహించి, ఈ రెంటితో చక్కెర తయారు చేస్తుంది. అప్పుడు వెలువడేదే ప్రాణవాయువు. వెలుగు ఉంటేనే ఆకులు దాన్ని వదులుతాయని 1779లో ఇంగెన్‌హౌజ్ అనే వైద్యుడు నిరూపించాడు.

మరి ఆ చక్కెర ఏమవుతుంది? కొంత రాత్రింబవళ్లు శ్వాసక్రియలో ఖర్చవుతుంది. కొంత పిండిపదార్థంగా నిల్వ ఉంటుంది, కొంత కలపగా మారుతుంది. చీకట్లో ఉండే వేళ్లు తమ తిండి తాము తయారు చేసుకోలేవు. వాటి వాటా బెరడు లోపలి పొర గుండా దిగుతుంది.

బట్టలు ఆరేయడానికి మనం బిగించిన తీగ, చెట్టు లావెక్కే కొద్దీ ఆ దారిని మూసేస్తుంది. పైన ఆకులు పచ్చగానే ఉంటాయి, కింద వేళ్లు పస్తులుంటాయి. చివరికి చెట్టే ఎండిపోతుంది. నీడనిచ్చినందుకు ఇదేనా ప్రతిఫలం? ఈరోజే ఆ తీగ విప్పండి.