ఒక ప్రశ్న పట్టుకున్న అమ్మాయి: అంతర్జాతీయ అధ్యయనాల విద్యార్థులకు అనుభవ పాఠాలు

ఢిల్లీలో అంతర్జాతీయ అధ్యయనాలు బోధించి రిటైరై, విశాఖ వచ్చి స్థిరపడ్డాను. ఏటా జూన్, జూలై నెలల్లో తెలిసినవాళ్ల పిల్లలు ఎవరో ఒకరు ఇంటికి వస్తారు. ఎం.ఏ.లో సీటొచ్చింది, ఎలా చదవాలి, యూనియన్‌లో తిరగొచ్చా, ఫారిన్ సర్వీస్ వస్తుందా అని అడుగుతారు. వాళ్లకు చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను. ఇందులో ఎక్కువ భాగం ఒక విద్యార్థిని కథ. శ్రీకాకుళం తీరం నుంచి ఢిల్లీ వచ్చిన మత్స్యకారుల ఇంటి అమ్మాయి. ఆమె ఎదుగుదలను దగ్గరుండి చూశాను కాబట్టి ధైర్యంగా చెప్పగలను.

1. లక్ష్యం ఒక్కటే చాలదు, ప్రశ్న కావాలి

మొదటి వారం క్లాసులో అడిగితే సగం మంది అంబాసిడర్ అవుతామంటారు, మిగతావాళ్లు ఐక్యరాజ్యసమితిలో చేరతామంటారు. మంచిదే. అంత పెద్ద కోరిక లేనివాళ్లు ఊరు వదిలి అంత దూరం రారు. కానీ లైబ్రరీకి వెళ్లాక ఏ పుస్తకం తీయాలో ఆ కోరిక చెప్పదు. అది చెప్పగలిగేది మీ ప్రశ్న.

ఈ అమ్మాయి కూడా ఐఎఫ్‌ఎస్ అనే అంది. "మీ ఊళ్లో మగవాళ్లు ఏం చేస్తారమ్మా?" అని అడిగాను. "వేటకు గుజరాత్ వెళ్తారు సార్, వెరావల్" అంది. ఇంటి ముందు సముద్రం పెట్టుకుని దేశానికి అవతలి ఒడ్డుకు ఎందుకు వెళ్తారంటే, కారణాలు గడగడా చెప్పింది. తీరం పొడవుగా ఉన్నా పెద్ద బోట్లు ఆగే హార్బర్ లేదు. అక్కడి బోటు యజమానులు ముందే అడ్వాన్సు ఇస్తారు. పశ్చిమ తీరంలో జూన్, జూలై నెలల నిషేధం ముగియగానే వెళ్లి నెలల తరబడి బోటు మీదే ఉంటారు. బోటు నడిపే తండేల్ ఎక్కడికి పోనిస్తే బోటు అక్కడికి పోతుంది. ఇదంతా చెప్పిందే గానీ, ఇది తన చదువులోని విషయమేనని ఆమెకు తోచలేదు. ఇంటి కష్టం వేరు, సిలబస్ వేరు అనుకుంది.

2018 నవంబరులో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు గుజరాత్ బోట్ల మీద వేట చేస్తూ పాకిస్తాన్ అధికారులకు చిక్కారు. కరాచీ జైల్లో పెట్టారు. వాళ్లలో ఆమె పక్క ఊళ్లవాళ్లు ఉన్నారు. 2020 జనవరిలో 20 మంది వాఘా దగ్గర సరిహద్దు దాటి ఇల్లు చేరారు. ఆ పద్నాలుగు నెలల్లో ఆమెకు ప్రశ్న దొరికింది: సముద్రంలో పొరపాటున గీత దాటిన కూలివాడిని ఏ చట్టం ప్రకారం జైల్లో పెడతారు, ఏ చట్టం ప్రకారం వదులుతారు?

2. వ్యాసాల కంటే ముందు మూల పత్రం చదవండి

ఆమె మొదటి సెమినార్ పేపర్ నిండా కోపమే ఉంది. ఆ కోపం న్యాయమైనదే. కానీ అందులో ఉన్నవన్నీ పత్రికల వార్తలు, వ్యాఖ్యాతల అభిప్రాయాలు. ఆ పేపర్ తిరిగిచ్చి, సముద్ర చట్టంపై ఐక్యరాజ్యసమితి 1982 ఒప్పందంలో 73వ అధికరణం చదివి రమ్మన్నాను.

అక్కడ రాసి ఉన్నది ఇది. తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా ఉండే ప్రత్యేక ఆర్థిక మండలిలో వేరే దేశపు బోటు చేపలు పడితే పట్టుకోవచ్చు. కానీ తగిన పూచీకత్తు తీసుకుని బోటునూ సిబ్బందినీ వెంటనే వదలాలి. రెండు దేశాల మధ్య వేరే ఒప్పందం ఉంటే తప్ప జైలు శిక్ష వేయకూడదు. భారత్ 1995లో, పాకిస్తాన్ 1997లో ఈ ఒప్పందాన్ని ఆమోదించాయి. ఇది చదివాక ఆమె కళ్లు మెరిశాయి. "అయితే మనవాళ్లను జైల్లో పెట్టడమే తప్పు కదా సార్" అంది.

తొందరపడొద్దన్నాను. ఈ అధికరణం ప్రత్యేక ఆర్థిక మండలికే వర్తిస్తుంది. తీరానికి 12 మైళ్ల లోపలి ప్రాదేశిక జలాల సంగతి వేరు. పైగా కచ్‌కూ సింధ్‌కూ మధ్య ఉన్న సర్ క్రీక్ పాయలో సరిహద్దు ఎక్కడన్నది ఇప్పటికీ తేలలేదు. నడి పాయలో గీత అని మనం అంటాం, తూర్పు ఒడ్డున అని వాళ్లంటారు. ఒడ్డు దగ్గర గీత తేలకపోతే సముద్రంలోకి దాన్ని పొడిగించేది ఎక్కడి నుంచి? బోటు పట్టుబడిన చోటు ఎవరి నీళ్లో నిరూపించాలంటే ముందు ఈ చిక్కు విప్పాలి. మళ్లీ దీనికి తోడు 2008లో రెండు దేశాలూ చేసుకున్న కాన్సులర్ ఒప్పందం ఉంది. దాని ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న తమ జైళ్లలో ఉన్న అవతలి దేశపు ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటారు. యుద్ధ వాతావరణం ఉన్న ఏళ్లలో కూడా ఆ జాబితాలు చేతులు మారుతూనే ఉన్నాయి.

రెండో పేపర్ రాయడానికి ఆమెకు ఒక సెమిస్టర్ పట్టింది. అందులో కోపం కనబడదు, కానీ చదివినవాడు కదిలిపోతాడు. చదువులో ఎదుగుదల అంటే నాకు తెలిసినంతలో ఇదే.

3. మీ భాషను మీ పరిశోధన నుంచి బయట పెట్టకండి

వేసవి సెలవుల్లో ఊరెళ్లి, జైలు నుంచి తిరిగొచ్చినవాళ్లతో, వాళ్ల ఇల్లాళ్లతో మాట్లాడి రాసుకొచ్చింది. "ఇక్కడ ఏట ఉంటే అక్కడికెందుకెల్తామమ్మా" అన్న ఒక పెద్దాయన మాట ఆమె నోటుపుస్తకం మొదటి పేజీలో ఉంది. ఢిల్లీలో ఇదే అంశం మీద పనిచేసే వాళ్లలో ఎవరికీ అందని సమాచారం అది. ఆ ఊళ్లలో తలుపులు తెరుచుకునేది వాళ్ల యాసకే.

దానితోపాటు ఆమె ఉర్దూ లిపి నేర్చుకుంది. మీరు ఏ ప్రాంతం చదువుతారో అక్కడి భాష ఒకటి నేర్చుకోండి. పి.వి. నరసింహారావు గారు స్పానిష్ కూడా నేర్చుకున్నారు. ఆ ఓపికగల మనిషి ప్రధానిగా ఉన్నప్పుడే, 1993 సెప్టెంబరులో చైనాతో వాస్తవాధీన రేఖ మీద శాంతి ఒప్పందం కుదిరింది. అవతలివాడి మాట వినడానికి సమయం కేటాయించిన నాయకుడు ఆయన. హైదరాబాద్‌లో చదివే పిల్లలకైతే విదేశీ భాషలు నేర్పే ఇఫ్లూ ఊళ్లోనే ఉంది, సాకు చెప్పడానికి వీల్లేదు.

4. మీ శాస్త్రం ఎక్కడ పుట్టిందో తెలుసుకోండి

మన దేశంలో ఈ చదువు ఢిల్లీలోని సప్రూ హౌస్‌లో వేళ్లూనుకుంది. 1955లో, ఆసియా, ఆఫ్రికా దేశాల బాండుంగ్ సదస్సు జరిగిన ఏడాదే, అక్కడ ఇండియన్ స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్ మొదలైంది. 1970లో అది జేఎన్‌యూలో కలిసింది. కొత్తగా స్వతంత్రమైన దేశానికి ప్రపంచాన్ని తన కళ్లతో చూడగల మనుషులు కావాలన్న ఆలోచన దాని వెనక ఉంది. మన దగ్గర కూడా ఉస్మానియా ఆవరణలో 1964లో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ వచ్చింది, తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ ఆగ్నేయాసియా అధ్యయనాలకు ఒక కేంద్రం నడిపింది. ఢిల్లీ వెళ్తేనే ఈ చదువు అనుకునే పిల్లలు ఈ సంగతి గమనించాలి.

5. నాయకత్వం మెస్ కమిటీలో మొదలవుతుంది

ఆమె చదివిన జేఎన్‌యూలో విద్యార్థి ఎన్నికలు చూసినవాళ్లు మరిచిపోరు. ఎన్నికలు నడిపే కమిటీలో ఉండేది విద్యార్థులే. పోలింగ్ ముందు అధ్యక్ష అభ్యర్థులు రాత్రి పొద్దుపోయే దాకా వాదించుకుంటారు, ఒకరినొకరు ప్రశ్నించుకుంటారు. ఆ వేదిక మీద నిలబడాలని కొత్త పిల్లలకు ఉబలాటం. ఈ అమ్మాయికి అది లేదు. హాస్టల్ మెస్ కమిటీలో పేరిచ్చింది. సరుకుల బిల్లులు సరిచూసింది, బియ్యం గోధుమల తగాదాలు తీర్చింది. ఉత్తరాదివాళ్లు, ఈశాన్యంవాళ్లు, మనవాళ్లు ఒకే బల్ల మీద భోంచేసే చోట ఎవరి మాట ఎక్కడ నొప్పిస్తుందో ఆమెకు తెలిసింది అక్కడే.

2021 ఆగస్టులో కాబూల్ తాలిబన్ చేతికి పోయినప్పుడు ఆమె పీహెచ్‌డీలో ఉంది. మన దేశంలో చదువుతున్న అఫ్ఘాన్ విద్యార్థులకు ఇంటి నుంచి డబ్బు రావడం కష్టమైంది. వీసా గడువు దగ్గరపడుతోంది, కోర్సు అయిపోతే ఎక్కడికి పోవాలో తెలియదు. అప్పుడు చాలామంది వాళ్ల కోసం ప్రసంగాలు చేశారు, అవీ కావాలి. ఆమె మాత్రం ఒక్కొక్కరి పక్కన కూర్చుంది. వీసా ఎప్పటిదాకా ఉంది, విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఏ కాగితం అడుగుతారు, ఐసీసీఆర్ స్కాలర్‌షిప్ వాళ్లకు ఎవరు రాయాలి అని పట్టిక వేసుకుని దరఖాస్తులు రాసిపెట్టింది. ఉర్దూ అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు కాబట్టి వాళ్ల దరీ కాగితాల్లో పేర్లూ తేదీలూ చదవగలిగింది. శరణార్థుల చట్టం మీద పరీక్షలో ఎన్ని మార్కులొచ్చినా ఆ నెల నేర్పినంత నేర్పవు.

మరుసటి ఎన్నికల్లో ఆమెను స్కూల్ కౌన్సిలర్‌గా నిలబడమని పిల్లలే వచ్చి అడిగారు.

6. తీర్మానం రాయడం నేర్చుకోండి

సభల్లో బాగా మాట్లాడేవాళ్లు ప్రతి క్యాంపస్‌లో దొరుకుతారు. మాట్లాడినదంతా విని, రాత్రికి రాత్రి ఒక పేజీ తీర్మానం రాసి, ఓడిపోయిన పక్షం కూడా సంతకం పెట్టేలా చేయగలవాళ్లు అరుదు. దౌత్యంలో అసలు పని అదే. ఐక్యరాజ్యసమితిలోని 193 దేశాల్లో చిన్న దేశాలకు సైన్యం లేకపోయినా, ముసాయిదా తమ చేతిలో ఉంటే మాట చెల్లుతుంది. ఏ వాక్యం తీసేస్తే ఎవరు లోపలికి వస్తారో, ఏ వాక్యం తీస్తే తీర్మానానికే అర్థం పోతుందో తెలియాలి.

కౌన్సిలర్‌గా ఆమె చేసిన మొదటి పని, ప్రతి జనరల్ బాడీ మీటింగ్ మినిట్స్ మర్నాడే గోడకు అంటించడం. వ్యతిరేకంగా మాట్లాడినవాళ్ల వాదన కూడా వాళ్ల మాటల్లోనే అందులో ఉండేది. దాంతో, మా మాట దాచేశారన్న అనుమానం సగం తగ్గింది. మోడల్ యూఎన్ పోటీలకు వెళ్లండి, భయం పోతుంది. కానీ అక్కడ మీరు ప్రతినిధిగా నిలిచిన దేశం రెండు రోజులకే మారిపోతుంది. క్యాంపస్‌లో మీరు ఓడించిన మనిషి పొద్దున్నే టీ కొట్టు దగ్గర ఎదురవుతాడు. అతనితో కలిసి ఏడాదంతా పనిచేయాలి.

7. క్లాసు ఎగ్గొట్టి నాయకులు కాకండి

విద్యార్థి సంఘాల ఎన్నికలపై లింగ్డో కమిటీ చేసిన సిఫార్సులను 2006లో సుప్రీంకోర్టు అమలు చేయమంది. పోటీ చేయాలంటే 75 శాతం హాజరు ఉండాలి, ఆ ఏడాది బ్యాక్‌లాగ్‌లు ఉండకూడదు. ఆ సిఫార్సుల్లో కొన్నిటితో నాకు పేచీ ఉంది. దీనితో లేదు.

8. లక్ష్యం మారితే కంగారు పడకండి

ఆమె సివిల్స్ రాసింది, రాలేదు. ఇంట్లోవాళ్లు బాధపడ్డారు. అప్పటికే జేఆర్‌ఎఫ్ ఉంది కాబట్టి పరిశోధన ఆగలేదు. ఇప్పుడు ఆమె థీసిస్ చివరి అధ్యాయం రాస్తోంది, తీరంలో ఎవరైనా కనబడకుండా పోతే జిల్లా అధికారులు సైతం ఏ పత్రం ఎవరికి పంపాలని ఆమెకు ఫోన్ చేస్తున్నారు. ఐఎఫ్‌ఎస్ వచ్చి ఉంటే అక్కడా బాగా చేసేది, ఆ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను.

ఈ ఏడాది నా దగ్గరికి వచ్చే పిల్లలకు ఒక పని చెప్పి ముగిస్తాను. మీ మండలం నుంచి ఎవరు ఏ దేశానికి, ఏ కాగితం మీద వెళ్తున్నారో ఒక పేజీ రాసుకు రండి. జగిత్యాల, నిజామాబాద్ పిల్లలైతే 1983 ఎమిగ్రేషన్ చట్టం తిరగేయండి. పదో తరగతి పాసుకాని కూలీకి గల్ఫ్ వెళ్లడానికి ప్రభుత్వ అనుమతి ఎందుకు అవసరమో, అది లేకుండా విజిట్ వీసా మీద వెళ్తే ఏమవుతుందో మీ వీధిలోనే అడిగి తెలుసుకోండి. కృష్ణా, గుంటూరు పిల్లలకు అమెరికా వీసాల సంగతి నేను చెప్పక్కర్లేదు. ఆ పేజీ చేత్తో పట్టుకుని రండి, మిగతాది కూర్చుని మాట్లాడుకుందాం.