ఇంటిచదువులో వెలితులు: ఒక తల్లి సందేహము

సమస్య



మాది పుంగనూరు. మావారు మదనపల్లె టమాటా మార్కెట్టులో కమీషను వ్యాపారము చేయుదురు. తెల్లవారకమునుపే పోయి సందెవేళకు గాని ఇల్లు చేరరు. మాకు పదేండ్ల కొడుకు, ఏడేండ్ల కూతురు. పిల్లవాడు బడి పేరు చెప్పిననే బెదరి ముడుచుకొని పోవుట చూడలేక, రెండేండ్ల క్రిందట వానిని బడి మాన్పించి ఇంటియొద్దనే చదివించుచున్నాను. పిల్లను అసలు బడికే పంపలేదు. నేను బి.ఎస్సీ. చదివినదానను. ప్రతి రాత్రియు ఒక పెద్ద నోటుబుక్కులో ఆనాడు ఏ పాఠము ఎన్ని పుటలు అయినదో, ఎంతసేపు కూర్చుంటిమో వ్రాసి, ఎదుట టిక్కు పెట్టుచుందును.

మొన్న వేసవిలో కుప్పమునకు మా ఆడబిడ్డ కూతురి పెండ్లికి పోతిమి. పంక్తిలో మావాని ప్రక్కన కూర్చున్న ఒక పెద్దాయన, ఉద్యోగవిరమణ చేసిన ఉపాధ్యాయులు, ఆకులోని ఓళిగను చూపి, "ఏమప్పా, దీంట్లో మూడోవంతు కావల్లా, నాలుగోవంతు కావల్లా?" అని అడిగిరి. వాడు తడుముకొనక, "నాలుగోవంతే ఇయ్యి తాతా, అదే కదా పెద్దది" అనెను. పంక్తి యంతయు నవ్వెను. ఇంటికి వచ్చి నోటుబుక్కు తిరుగవేసితిని. "భిన్నములు, పోలిక" అని నా చేతివ్రాతనే ఉన్నది. ఎదుట టిక్కును ఉన్నది.

ఆ యనుమానముతో పిల్లను పిలిచి తెలుగు వాచకము చదువుమంటిని. గడగడ చదువుచుండగా నడుమ పుటను అరచేతితో మూసితిని. అది ఆగలేదు, చదువుచునే యున్నది!

మా అత్తగారు జూనులో ఇద్దరిని బడిలో వేయుమని పట్టుబట్టుచున్నారు. నాకు తెలియకుండ ఇంకెన్ని వెలితులు మిగిలియున్నవో అని నిద్రపట్టకున్నది. వారికి ఏది వచ్చినది, ఏది రాలేదు అని తెలిసికొనుటకు లెక్క యెట్లు వ్రాసుకొనవలయును?

— ఒక తల్లి, పుంగనూరు

సలహా

అమ్మా,

మీవాడు ఓళిగ విషయమున ఇచ్చిన సమాధానమును చూచి, ఇది ఇంటిచదువు తెచ్చిన చేటని పంక్తిలోనివారు తలంచియుందురు. అది సరికాదు. అంకె పెద్దదైనచో వస్తువును పెద్దదని అంతవరకు నేర్చిన బాలునికి, హారము పెరిగినకొలది వంతు తరుగునను సంగతి తలక్రిందులుగా తోచుట సహజము. నలుబదిమంది నడుమ బెంచీపై కూర్చుండి, ప్రక్కవాని పుస్తకము చూచి జవాబు దిద్దుకొను పిల్లలలోను ఈ భ్రాంతి కలవారు కొల్లలు, కాని వారిని ఓళిగ చూపి అడిగినవారు లేరు. ఆ పెద్దాయన మీకు ఉపకారమే చేసిరి.

తప్పు నోటుబుక్కులో నున్నది. మీరు కూర్చున్న గంటలును, తిరిగిన పుటలును అందు కలవు. పిల్లవాడు తనంతట ఏమి చేయగలడన్నది మాత్రము లేదు. ఇది మీ యొక్కరి అలవాటు గాదు. 1822లో మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో కలెక్టర్లచేత దేశీయ విద్యను గూర్చి విచారణ చేయించినప్పుడు, చెన్నపట్టణమున బడులలో చదువు పిల్లలకంటె ఇండ్లలో చదువువారు ఇంచుమించు అయిదింతలని తేలినది గాని, ఆ లెక్కయు తలల లెక్కయే. వారిలో ఎవనికి ఎంత వచ్చెనో తెలుపునది గాదు.

మదనపల్లె పేరెత్తినారు గనుక ఒక మాట. 1895లో ఆ యూర పుట్టిన తత్త్వవేత్త జిడ్డు కృష్ణమూర్తిని బడిలో మందమతి యని కొట్టెడివారట. 1909లో అడయారునందు ఆయనను బడి మాన్పించి ప్రత్యేకముగా చదువు చెప్పించిరి. పిమ్మట ఇంగ్లండులో, లండను విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్షలో ఆయన పలుమారులు తప్పిరి. అంతటివానికే వెలితులుండెనని ఊరడిల్లుటకు దీనిని చెప్పుటలేదు. ఆయనకు పరీక్ష తప్పినను కూటికి కొదువ లేకుండ చూచుకొన్న ఆప్తులుండిరి. మన పిల్లలకు ఆ భాగ్యముండదు.

అయితే ఆయన తలంపుతో మదనపల్లెకు పదిమైళ్ళ దూరమున వెలసిన రిషివ్యాలీ విద్యాలయమున మీ ప్రశ్నకు సమాధానము చాలకాలముగా గోడకు అతికింపబడియున్నది. అక్కడి గ్రామీణ విద్యాకేంద్రమున పద్మనాభరావు, రమ దంపతులు, చుట్టుపట్ల పల్లెలలో ఒకే గదిలో ఒకే ఉపాధ్యాయునియొద్ద అన్ని తరగతుల పిల్లలు కూర్చుండు చిన్న బడులకొరకు ఒక పద్ధతిని రూపొందించిరి. దానికి ఆయువుపట్టు అభ్యసన నిచ్చెన. గణితమును, భాషను చిన్నచిన్న మెట్లుగా విడగొట్టి, ఏ మెట్టు ఎక్కిన పిదప ఏ మెట్టు ఎక్కవలెనో వరుసగా గీసి గోడకు అంటింతురు. ప్రతి మెట్టునకు కొన్ని కార్డులు. ఒక్కొక్క కార్డుపై ఒక బొమ్మ గురుతు. క్రొత్తది తెలిసికొనుటకు కొన్ని కార్డులు, అభ్యాసమునకు కొన్ని, పరీక్షించుకొనుటకు ఒకటి. పరీక్షలో తడబడినవానికి మరల సాధన చేయుటకు వేరు కార్డులు, గట్టెక్కినవానికి ఇంకొంత మేత. పిల్లవాడు ఉదయమున వచ్చి నిచ్చెనలో తాను నిన్న నిలిచిన చోటు చూచుకొని, తన కార్డును తానే తీసికొనును. నాలుగు దినములు జ్వరముతో రానివాడు మరల వచ్చినప్పుడు, తరగతి తనను విడిచి ముందుకు పోయినదను బెంగ వానికి లేదు, ఆగినచోటనే మొదలుపెట్టును. వెలితి యేర్పడుటకు ప్రధానకారణమే అక్కడ తొలగినది చూడుడు. ఈ పద్ధతి కర్ణాటకమున 1995లో నలి-కలి యను పేరను, తరువాత చెన్నై కార్పొరేషను బడుల మీదుగా తమిళనాడు ప్రాథమిక పాఠశాలలన్నింటికిని ప్రాకినది. మీ ఆడబిడ్డగారి కుప్పమునకు ఇటు అటు ఉన్న రెండు రాష్ట్రములును మన పల్లెటూరి నిచ్చెనను తీసికొనిపోయినవన్నమాట!

కావున మీరు చేయవలసినది, గణితమునకు ఒకటి, తెలుగు చదువుటకు ఒకటి, రెండే నిచ్చెనలు గీయుట. అన్ని విషయములకు గీయబూనవద్దు. విజయనగర రాజులను ముందు చదివి శాతవాహనులను తరువాత చదివినంతమాత్రమున కొంప మునుగదు. భాగహారము రానివానికి దశాంశములు చెప్పబోయిన మాత్రము రెండును చెడును. క్రిందిది లేక పైది నిలువని చోట్ల వెలితికే వెరవవలెను. తక్కినవాటికి చదివిన పుస్తకముల పేరులు ఒక పుటలో వ్రాసికొనిన చాలును.

నిచ్చెనలో ప్రతి మెట్టున కెదురుగా టిక్కుకు మారుగా నాలుగు గడులు గీయుడు. ప్రక్కన కూర్చుండి చూపగా చేసినచో మొదటి గడిలో తేదీ వేయుడు. తానై చేసినచో రెండవది. మూడువారములు ఆ మాట యెత్తక, హఠాత్తుగా అడిగినప్పుడు చేసినచో మూడవది. చెల్లెలికో తండ్రికో విప్పిచెప్పినచో నాలుగవది. మూడవ గడి నిండువరకు మెట్టు ఎక్కినట్లు గాదు. "భిన్నములు, పోలిక" అను మీ టిక్కు నిజమునకు మొదటి గడిది.

పిల్లవానికి భిన్నములను మొదటినుండి మరల మొదలుపెట్టవద్దు, వానికి విసుగు పుట్టును. పైనుండి క్రిందికి దిగిరండు. మూడోవంతు, నాలుగోవంతు పోల్చలేనివాడు సగము, పావు పోల్చగలడా? కాగితమును మూడు సమభాగములుగా మడువగలడా, లేక పెద్దముక్క ఒకటి, చిన్నముక్కలు రెండు చేయుచున్నాడా? ఎక్కడ తడబాటు లేక నిలిచెనో అచ్చటినుండి పైకి ఎక్కింపుడు. వారము పదిదినములకన్న ఎక్కువ పట్టకపోవచ్చును. మీ వారికి తీరిక లేదంటిరి. రాత్రి భోజనము దగ్గర ఒక్క ప్రశ్న చాలును. ఒక రైతు సరుకులో నాలుగోవంతు మచ్చపడినది, మరియొకరి సరుకులో అయిదోవంతు. ఎవరి బండి కొనుట మేలు? మార్కెట్టు భాషలో అడిగిన భిన్నము మరచిపోరు.

పిల్ల విషయము కొంచెము వేరు. దానికి జ్ఞాపకశక్తి మెండు. అందుచేత అక్షరముతో పనిలేకుండ నెట్టుకొని వచ్చుచున్నది. దానికి తెలిసిన వాచకమును కొన్నాళ్ళు పెట్టెలో పెట్టి, ఎన్నడు చూడని పుట చేతికిండు. "లక్ష్మి" అని తడుముకొనక చదివి "సూక్ష్మము" దగ్గర ఆగిపోయినచో, అది పేరు యొక్క ఆకారమును గుర్తుపట్టినది గాని క్షకు మకారవత్తును పలుకుట నేర్వలేదు. ఒత్తులకు ముందు గుణింతమునే తిరిగి చూడవలసియుండును. ప్రథమ్ సంస్థవారు 2005 నుండి నడుపుచున్న అసర్ సర్వేలోని పఠనపరీక్ష మీకు మిక్కిలి ఉపయోగపడును. ఒకే కాగితముపై అక్షరములు, పదములు, ఒకటవ తరగతి స్థాయి పేరా, రెండవ తరగతి స్థాయి కథ, తెలుగులోను కలదు. పైగా ఆ సర్వేవారు బడికి గాక ఇంటికే వచ్చి పిల్లలను చదివించి చూతురు గనుక, ఇంట చదువు పిల్లకును ఆ కొలత అట్లే వర్తించును. మూడు నెలలకొకమారు చాలును.

ఒకటి ఒప్పుకొనవలెను: విజ్ఞానశాస్త్ర ప్రయోగములు వంటింటిలో కొంతవరకే సాగును. కుప్పము పోయినప్పుడు పెండ్లిళ్ళతోనే తిరిగిరాక, గుడివంకలోని అగస్త్య ఫౌండేషనువారిని ముందుగా కనుగొని పిల్లలను తీసికొనిపొండు. పల్లెబడుల పిల్లలకు చేతితో చేసి చూచు ప్రయోగములు నేర్పుటయే వారి పని.

ఇక అత్తగారి మాట. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఆరు మొదలు పదునాలుగేండ్ల పిల్లలను గూర్చి చెప్పుచు, వారిని బడిలో చేర్చుట తల్లిదండ్రుల విధియని పేర్కొన్నది. చేర్చనివారికి శిక్ష మాత్రము విధింపలేదు. ఇంటిచదువును ప్రత్యేకముగా పేర్కొనలేదు. ఆమె చెప్పినది చట్టమునకు దగ్గరి మాటయే గనుక కోపగింపవద్దు. అదే చట్టము, ఆలస్యముగా వచ్చిన పిల్లను వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకొని, వెనుకబడినది పూరించుటకు ప్రత్యేకశిక్షణ ఇయ్యవలెనని బడులను ఆదేశించుచున్నది. మీరు బడికి పంపకయే యున్నచో, పదునాలుగేండ్లు నిండిన తరువాత ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠము ద్వారా గాని, జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా గాని పిల్లలు పదవ తరగతి పరీక్షకు కూర్చుండవచ్చును. పిల్లవానికి ఇంకను నాలుగేండ్ల గడువున్నది.

నా మట్టుకు నేను జూను మాట ఇప్పుడే తేల్చను. నిచ్చెనలు గీసి, దసరావరకు నడిపి చూడుడు. అప్పటికి పిల్లవాని మూడవ గడులు నిండుచుండి, వాడు బడి మాట కింకను బెదరుచున్నచో ఇంటనే ఉంచుడు. గడులు మొదటిదానియందే నిలిచి, మీకు ఓపిక సన్నగిల్లుచున్నచో, చిన్నదానిని మొదట బడికి పంపుడు. దానికి అన్నవలె బెదురు లేదు గదా.