పైపుకు పూత వేస్తే ఇంజన్ చల్లబడుతుందా?

సందేహాలు - సమాధానాలు

సార్, నాది 350 సీసీ బుల్లెట్. ఆఫీసు అయ్యాక నానక్‌రామ్‌గూడ నుంచి విప్రో సర్కిల్ మీదుగా ఇంటికి వెళ్తాను. సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, కుడికాలు కాలిపోతోంది. బెండు పైపుకు సెరామిక్ కోటింగ్ వేయిస్తే ఇంజన్ వేడి తగ్గుతుందని మెకానిక్ అంటున్నాడు. వేయించమంటారా?
- ఒక పాఠకుడు, నానక్‌రామ్‌గూడ

ఇంజన్ వేడి తగ్గదండీ. పెట్రోలు మండితే పుట్టే వేడిలో దాదాపు మూడో వంతు పొగతోపాటే బయటికి పోతుంది. పోయే ఆ వేడిని దారిలో పక్కలకు కొట్టకుండా చూడడమే కోటింగ్ పని. హెడ్డు, ఫిన్లు, ఆయిలు ఎప్పటిలాగే కాగుతాయి. బండి ఆగితే ఫిన్లకు గాలి తగలదు కదా! ముందు సెగ ఎక్కడ తగులుతోందో చూసుకోండి. మోకాలికి, తొడకు అయితే అది ఇంజన్‌దే, కోటింగ్ ఏమీ చేయలేదు. పిక్కకు అయితే పైపుది.

స్ప్రే చేసి ఓవెన్‌లో కాల్చే పూత మామూలుగా 25 నుంచి 50 మైక్రాన్లు, అంటే వెంట్రుక మందం కూడా ఉండదు. అంత పల్చటి పొర వేడికి పెద్దగా అడ్డు నిలవదు. దాని ప్రయోజనమంతా పైమెరుపులో ఉంది. మెరిసే వెండిరంగు పూత సెగను తక్కువగా వెదజల్లుతుంది, మెరుపులేని నలుపు ఎక్కువగా వెదజల్లుతుంది. మీ పైపు మీద క్రోమ్ ఇంకా తళతళలాడుతుంటే దాన్ని తీయించి నల్లపూత వేయించకండి, కాలికి ఇంకా సెగ పెరగొచ్చు. వేలెడు సందు వదిలి బిగించే హీట్ షీల్డ్ తక్కువ ఖర్చులో ఎక్కువ మేలు చేస్తుంది.

వేడిని బాగా ఆపే సెరామిక్ పూతలూ లేకపోలేదు. విమానాల టర్బైన్ బ్లేడ్లకు యిట్రియా కలిపిన జిర్కోనియా అనే సెరామిక్‌ను పూస్తారు. పూతలు వేసే ప్లాస్మా స్ప్రే, డిటొనేషన్ స్ప్రే వంటి పద్ధతుల మీద మన బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే పరిశోధన సంస్థ ఏళ్లుగా పనిచేస్తోంది. అయితే ఆ బ్లేడు లోపల చల్లగాలి పారుతూ ఉంటుంది, అందుకే పూత అంతగా ఫలిస్తుంది. మీ పైపుకు ఆ సదుపాయం లేదు. ఇక కారు పెయింటు మెరవడానికి డీటెయిలింగ్ షాపుల్లో వేసే సెరామిక్ కోటింగ్ పూర్తిగా వేరు, పైపు వేడికి మాడిపోతుంది.

నా పాత పెట్రోల్ కారుకు ఎగ్జాస్ట్ హెడర్లు పెట్టించాను. ఔటర్ రింగ్ రోడ్డు మీద బాగానే ఉంటుంది, గచ్చిబౌలి ట్రాఫిక్‌లో టెంపరేచర్ ముల్లు పైకెక్కుతోంది. కోటింగ్ వేయిస్తే దిగుతుందా?
- మరో పాఠకుడు, మణికొండ

వేగంలో చల్లగా ఉండి, ఆగితే వేడెక్కుతోందంటే మొదటి అనుమానం రేడియేటర్ ఫ్యాన్ మీదే. ఫ్యాన్ తిరుగుతోందా, రిలే, సెన్సర్ పనిచేస్తున్నాయా, కూలెంట్ సరిపడా ఉందా చూపించండి. ఆ ముల్లును దించడం కోటింగ్ పని కాదు.

అది చేసే మేలు వేరే ఉంది. బానెట్ కింద సెగ తగ్గి వైర్లు, రబ్బరు గొట్టాలు మన్నుతాయి. వేయిస్తే లోపలా బయటా వేయించండి. పైన మాత్రమే వేస్తే లోహం లోలోపల ఇంకా కాగుతుంది. నూనె జిడ్డు తీసి, గ్రిట్ బ్లాస్టింగ్ చేశాకే పూయాలి, లేకపోతే పెచ్చులూడుతుంది. ట్యూనింగ్ సరిచేయించాకే ఈ పని పెట్టుకోండి.

పైపుకు గుడ్డపట్టీ చుట్టించడం మేలంటున్నారు, నిజమేనా?
- ఇంకొకరు, నార్సింగి

పట్టీ మందంగా ఉంటుంది కాబట్టి సెగను కోటింగ్ కన్నా బాగా ఆపుతుంది. కానీ వానకు నానిందంటే తడి లోపలే నిలిచి మామూలు ఉక్కు పైపును తినేస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా రోజూ వానలో తిరిగే బండికి నేను చుట్టించను. స్టెయిన్‌లెస్ స్టీలు పైపైతే కొంత నయం.