ముందు దర్శనం స్లాట్, తర్వాతే రైలు టికెట్: గాజు వంతెనకి ఒక రోజు ప్లాన్

తిరుపతి వెళ్లాలంటే మన ఇళ్లల్లో ప్లానింగ్ ఎక్కడ మొదలవుతుందో గమనించారా? రైలు దగ్గర కాదు. ముందు 300 రూపాయల దర్శనం స్లాట్ ఏ రోజుకి, ఎన్ని గంటలకి దొరికిందో చూస్తారు. ఆ టైమ్‌ని పట్టుకుని వెనక్కి లెక్కేస్తారు. అప్పటికి క్యూలో ఉండాలంటే కొండ మీద రూమ్ ఎప్పటికి కావాలి, రూమ్ కావాలంటే బస్సు ఎప్పుడెక్కాలి, దానికి ఏ రైలైతే సరిపోతుంది అని. అల్గారిథమ్స్ క్లాస్‌కి ఒక్కరోజు కూడా వెళ్లని మన అమ్మలూ పెద్దమ్మలూ చేసే ఈ పనికి పుస్తకాల్లో బ్యాక్‌వర్డ్ షెడ్యూలింగ్ అని పేరుంది.

ఈ నెల పాఠం అదే. ఉదాహరణ మాత్రం తిరుమల కాదు, చైనాలో హునాన్ రాష్ట్రంలోని జాంగ్‌జియాజియే గ్రాండ్ కాన్యన్ గాజు వంతెన. ఎందుకంటే మా పెద్దమ్మ వాళ్లమ్మాయి అక్కడ మెడిసిన్ చదువుతోంది. సెలవుల్లో పెద్దమ్మ, పెదనాన్న చూడ్డానికి వెళ్తున్నారు. "నువ్వు కంప్యూటర్ చదువుతున్నావు కదా నాన్నా, ఆ వంతెన రోజు ప్లాన్ నువ్వే వెయ్యి" అని పని నాకు పడింది. ఉన్నది ఒక్కటే రోజు. పెదనాన్నకి ఉత్సాహం ఎక్కువ, పెద్దమ్మకి మోకాళ్ల నొప్పులు. ఈ మూడూ గుర్తు పెట్టుకుని చదవండి.

1. ఏ చోటో ముందు తేల్చుకోవాలి

జాంగ్‌జియాజియే అనేది ఒక్క చోటు పేరు కాదు. ఆ పేరుతో ఫొటోలు వెతికితే మూడు వేరువేరు చోట్లు కలిసిపోయి వస్తాయి.

మొదటిది నేషనల్ ఫారెస్ట్ పార్కు. స్తంభాల్లా నిలబడ్డ రాతి కొండలు ఉండేది ఇక్కడే. 'అవతార్' సినిమా తర్వాత, 2010లో, ఒక స్తంభానికి ఆ సినిమాలోని కొండ పేరే పెట్టేశారు. ఈ పార్కు ఉన్న వులింగ్‌యువాన్ ప్రాంతం 1992 నుంచి యునెస్కో జాబితాలో ఉంది.

రెండోది తియాన్‌మెన్ కొండ. సిటీ నుంచే కేబుల్ కారులో వెళ్లొచ్చు. దాని మీద కూడా గాజు దారి ఉంది. కానీ అది కొండ అంచుకి అతికించిన నడక దారి, వంతెన కాదు.

మూడోది మనకి కావాల్సిన గ్రాండ్ కాన్యన్. ఇది వేరే చోట, త్సిలీ కౌంటీలో ఉంది. రెండు కొండల మధ్య లోయ మీద వేసిన అసలు వంతెన ఇదే. పొడవు సుమారు 430 మీటర్లు, వెడల్పు 6 మీటర్లు, కింద లోయ దాదాపు 300 మీటర్ల లోతు. డిజైన్ చేసింది హైమ్ డోటన్ అనే ఇజ్రాయెల్ ఆర్కిటెక్ట్.

ఒకదానికి టికెట్ కొని ఇంకోదానికి వెళ్తే ఆ రోజు పోయినట్టే. రూమ్ సిటీలో కంటే వులింగ్‌యువాన్‌లో తీసుకుంటే వంతెనకి దగ్గర.

2. బాటిల్‌నెక్ ఎక్కడుంది?

ఈ వంతెన 2016 ఆగస్టు 20న తెరిచారు. పదమూడు రోజులకే, సెప్టెంబర్ 2న, మూసేశారు. వంతెన పగల్లేదు, ఎవరూ పడిపోలేదు. సమస్య జనం. రోజుకి 8,000 మందికి అని లెక్క వేసుకుంటే దానికి పది రెట్లు జనం రావాలనుకున్నారు. ఏర్పాట్లు పెంచుకుని ఆ నెలాఖరులో మళ్లీ తెరిచారు.

దీన్ని మనకి తెలిసిన లెక్కతో చూద్దాం. క్యూయింగ్ థియరీలో లిటిల్స్ లా అని ఉంది, జాన్ లిటిల్ 1961లో నిరూపించాడు. చాలా సింపుల్:

లోపల ఉన్నవాళ్లు = గంటకి లోపలికి వచ్చేవాళ్లు × ఒక్కొక్కరు లోపల ఉండే గంటలు

వంతెన మీద ఒకేసారి ఉండనిచ్చేది 800 మందిని. ఒక్కొక్కరు అరగంట ఉంటారనుకుందాం. నడవడం, ఆగడం, ఫొటోలు, కింద కూర్చుండిపోయి "నా వల్ల కాదు" అనడం, అన్నీ కలిపి. అప్పుడు గంటకి పంపగలిగేది 800ని అరతో భాగిస్తే 1,600 మందిని. 8,000 మందికి 5 గంటలు చాలు. హాయిగా ఒక పగలు. అదే 80,000 మంది వస్తే? 50 గంటలు. రోజుకి ఉన్నవే 24.

ఇంకోటి గమనించండి. అరగంట కాస్తా ముప్పావుగంట అయితే గంటకి 1,600 కాదు, దాదాపు 1,070 మందే. అంటే ప్రతి ఒక్కరూ ఇంకో పావుగంట సెల్ఫీలు దిగితే వంతెన కెపాసిటీలో మూడో వంతు మాయం. వంతెన సైజు మారలేదు, మన ప్రవర్తన మారింది అంతే. పెళ్లి భోజనాల్లో మొదటి బంతి లేవకపోతే రెండో బంతి నిలబడాల్సిందే కదా, అదే సంగతి.

అందుకే ఇక్కడ టైమ్ స్లాట్‌తో, పాస్‌పోర్టు నంబర్‌తో టికెట్ ముందే బుక్ చేసుకోవాలి. వంతెనకి, కింద లోయకి టికెట్లు వేరువేరు రకాలుగా ఉంటాయి. ఏది కొంటున్నామో చూసుకోవాలి. అక్టోబర్ మొదటి వారం చైనా అంతా సెలవులు, ఆ వారం వదిలేయడమే మంచిది.

3. స్లాట్ నుంచి వెనక్కి

మనకి 11 గంటల స్లాట్ దొరికిందనుకుందాం. వెనక్కి వద్దాం.

11:00 – వంతెన మీద అడుగు.
10:15 – గేటు దగ్గర. పాస్‌పోర్టు చెకింగ్, బ్యాగులు పెట్టేయడం, చెప్పుల మీద కవర్లు, వీటన్నిటికీ 45 నిమిషాలు.
9:00 – రూమ్ నుంచి బయల్దేరడం. ప్రయాణానికి గంట, పైన పావుగంట అదనం.
8:15 – టిఫిన్.

ఇక్కడ అసలు పాయింట్ ఒకటుంది. ఆ అదనపు సమయాన్ని, అంటే స్లాక్‌ని, ఎక్కడ పెట్టాలి? మనలో చాలామంది సాయంత్రానికి పెట్టేస్తారు. కానీ స్లాట్ పోయాక సాయంత్రం మూడు గంటలు మిగిలినా వాటితో ఏం చేస్తాం? స్లాక్ బాటిల్‌నెక్‌కి ముందు ఉండాలి. అక్కడ పోయిన పది నిమిషాలు ఆ రోజంతటినీ మింగేస్తాయి. వంతెన దాటాక ఆలస్యమైతే ఒక టీ తక్కువ తాగుతాం, అంతే.

వంతెన తర్వాత లోయలోకి దిగే దారి ఉంది. మెట్లు చాలా ఎక్కువ, కింద వాగు పక్కన నడక, చివర్లో పడవ. అందంగానే ఉంటుంది. కానీ మోకాళ్లకి ఎక్కడం కంటే దిగడమే కష్టం. మా ప్లాన్‌లో ఈ భాగం పెదనాన్నకి, అక్కకి మాత్రమే. లోయలోంచి బయటికొచ్చే చోటు, పైన మనం వెళ్లిన గేటు ఒకటి కాదు. కాబట్టి విడిపోతే ఎక్కడ, ఎన్నింటికి కలవాలో పొద్దున్నే కాగితం మీద రాసుకోవాలి.

4. క్యాచ్ బ్లాక్ లేకుండా ట్రై బ్లాక్ రాయకండి

ఏం తప్పవచ్చు? మొదటిది వాతావరణం. 2021 మేలో చైనాలోనే జిలిన్ రాష్ట్రంలో, ఇంకో కొండ మీద ఉన్న గాజు వంతెన పలకలు పెనుగాలికి ఎగిరిపోయాయి. ఒకాయన మధ్యలో చిక్కుకుని, కమ్మీలు పట్టుకుని మెల్లగా బయటపడ్డాడు. కాబట్టి గాలివాన హెచ్చరిక ఉంటే "ఇంత దూరం వచ్చాం కదా" అనే మాట పనికిరాదు. ఆ రోజుకి రెండో ప్లాన్ ముందే ఉండాలి.

రెండోది గాజు. మన వంతెనలో 99 గాజు పలకలు ఉన్నాయి, ఒక్కోటీ మూడు పొరలు. పొరల మధ్య అతుకు పొర ఉంటుంది. కారు ముందద్దం పగిలినా ముక్కలు రాలకుండా అతుక్కునే ఉంటుంది చూడండి, అదే సూత్రం. తెరవడానికి ముందు 2016 జూన్‌లో ఒక బీబీసీ విలేకరి చేత పెద్ద సుత్తితో కొట్టించారు. పై పొర పగుళ్లిచ్చింది, పలక మాత్రం నిలబడింది. మనుషులతో నిండిన కారుని కూడా నడిపించి చూపించారు. ఒక పొర ఫెయిలైనా సిస్టమ్ నిలబడాలి అనే ఆలోచన ఇది, మనం సర్వర్లకి బ్యాకప్ పెట్టినట్టు. అయితే పై పొరని కాపాడుకోవాలి కాబట్టే హై హీల్స్ ఒప్పుకోరు.

మూడోది మనిషి. ఇదే అన్నిటికంటే ముఖ్యమని నాకనిపిస్తుంది. ఫోన్లో పెద్దమ్మని భయమా అని అడిగితే, "అందరూ నడిస్తే నేనూ నడుస్తాలే" అంది. ఈ వాక్యాన్ని మన కంప్యూటర్ అయితే 'అవును' అని తీసుకుంటుంది. పెద్దమ్మ తెలిసినవాళ్లెవరూ అలా తీసుకోరు. అందరి ముందు వంతెన మొదట్లో నిలబెట్టి అడిగితే ఆవిడ వద్దనలేదు. అందుకే ప్లాన్‌లోనే రాశాను: పెద్దమ్మ మొదటి పలక దాకా వెళ్లి చూస్తుంది, నచ్చకపోతే అక్క ఆవిడతో ఆగిపోతుంది, పెదనాన్న దాటొస్తారు, లోయ భాగం ఆ రోజుకి రద్దు. భయం వేస్తే ఏం చెయ్యాలో ముందే రాసుంటే ఆవిడ ఎవరి సరదానీ పాడుచేసినట్టు కాదు. ప్లాన్ ప్రకారం నడిచినట్టే.

5. ఫోన్‌ని నమ్మే ముందు

చైనాలో గూగుల్ సర్వీసులు మామూలుగా పనిచేయవు. అక్కడి మ్యాపులు వాడే కోఆర్డినేట్ సిస్టమ్ పేరు జీసీజే-02. జీపీఎస్ ఇచ్చే చోటుని ఇది కావాలనే కొన్ని వందల మీటర్ల దాకా జరుపుతుంది. కాబట్టి ఇక్కడి నుంచి మనం పెట్టి పంపిన పిన్ అక్కడ కొండ అవతల పడొచ్చు. అక్కడి మ్యాప్ యాప్‌లోనే వెతకాలి. వంతెన పేరు, రూమ్ అడ్రస్ చైనీస్ అక్షరాల్లో స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోవాలి, టాక్సీ డ్రైవర్‌కి చూపించడానికి. డబ్బు చెల్లింపులకి అలీపే ముందే సెట్ చేసుకోవాలి. పాస్‌పోర్టు ఒరిజినల్ దగ్గరుండాలి. వాళ్ల టైమ్ మనకంటే రెండున్నర గంటలు ముందు, ఇంటికి ఫోన్ చేసేటప్పుడు గుర్తుంచుకోండి.

మీ కోసం లెక్కలు

1. మీ హాస్టల్ మెస్‌లో 120 సీట్లున్నాయి. ఒక్కొక్కరు 20 నిమిషాలు తింటారు. 600 మంది తినడానికి ఎంతసేపు పడుతుంది? అందరూ ఫోన్ చూస్తూ 30 నిమిషాలు కూర్చుంటే?

2. ఈ సెమిస్టర్‌లో మీరు వెళ్లబోయే ఏదైనా ట్రిప్ తీసుకోండి. గండికోట అయినా, అరకు అయినా సరే. అందులో సన్నటి చోటు ఏది? అక్కడి నుంచి వెనక్కి రాయండి.

3. మీ గుంపులో "నేనూ వస్తాలే" అన్నది ఎవరు? వాళ్ల కోసం ప్లాన్‌లో ఒక లైన్ రాయండి. దీనికి ఫార్ములా లేదు, మార్కులు మాత్రం దీనికే ఎక్కువ.